6జీ అంటే స్పీడేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో వైర్‌లెస్ రీసెర్చ్ చేస్తున్నానని చెప్పగానే అందరూ అడిగేది ఒకటే: "6జీ వస్తే సినిమా ఎన్ని సెకన్లలో డౌన్‌లోడ్ అవుతుంది?" అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: 6జీ అంటే ఇంకా ఎక్కువ స్పీడ్, అంతే.
వాస్తవం: ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ 2023లో 6జీ కోసం ఖరారు చేసిన ఐఎంటీ-2030 ఫ్రేమ్‌వర్క్‌లో ఆరు రకాల వాడకాలున్నాయి. మారుమూల ఊళ్లకూ కవరేజీ అందడం వాటిలో ఒకటి. రేడియో తరంగాలతోనే చుట్టుపక్కల వస్తువుల కదలికలు పసిగట్టడం ఇంకొకటి.

అపోహ: సిగ్నల్ గీతలు కనిపిస్తున్నాయంటే మన మాట అవతలికి వెళ్లాల్సిందే.
వాస్తవం: ఆ గీతలు టవర్ నుంచి మనకు వచ్చే సిగ్నల్‌కి సంబంధించినవి. టవర్ పదుల వాట్లతో పంపుతుంది. మన ఫోన్‌కి మామూలుగా ఉండే గరిష్ఠ పవర్ 0.2 వాట్. అందుకే ఊరి చివర పొలం దగ్గర నిలబడితే అవతలివాళ్ల మాట మనకు వినిపిస్తుంది, మనం "హలో, హలో" అన్నది వాళ్లకు వినిపించదు. పోనీ ఫోన్ పవర్ పెంచేద్దామా అంటే బ్యాటరీ ఒక ఇబ్బంది, సిగ్నల్‌ని పెంచి పంపే ఆంప్లిఫయర్ ఇంకో ఇబ్బంది. పంపే సిగ్నల్‌లో హెచ్చుతగ్గులు ఎక్కువగా ఉంటే, బాగా పైకి లేచిన చోట ఆంప్లిఫయర్ దాన్ని పాడుచేస్తుంది. అలా కాకూడదని పవర్ తగ్గించి నడపాల్సి వస్తుంది. పై-బై-2 బీపీఎస్‌కే అనే మాడ్యులేషన్‌కి (డేటాను రేడియో తరంగం మీదికి ఎక్కించే పద్ధతికి) స్పెక్ట్రమ్ షేపింగ్, అంటే సిగ్నల్ ఆకారాన్ని నున్నగా మలచడం, జోడిస్తే ఆ హెచ్చుతగ్గులు బాగా తగ్గి, అదే ఆంప్లిఫయర్ ఇంకాస్త గట్టిగా పంపగలుగుతుంది. 5జీ ప్రమాణాల్లోకి ఈ పద్ధతి వెళ్లడంలో కంది దగ్గరున్న మన ఐఐటీ హైదరాబాద్ పాత్ర ఉంది. రీసెర్చంతా విదేశాల్లోనే జరుగుతుందనుకునే మన పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి. పల్లెలో టవర్ల మధ్య దూరం ఎక్కువ. అక్కడి మనిషికి గిగాబిట్ల స్పీడ్ కన్నా ముందు కావాల్సింది తన మాట టవర్ దాకా చేరడమే.

అపోహ: ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఒంటికి ప్రమాదం పెరుగుతుంది.
వాస్తవం: 5జీకి వాడే ఎక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఒకటైన 26 గిగాహెర్ట్జ్ తరంగంలో ఒక్కో ఫోటాన్‌కి (తరంగం మోసే శక్తిలో అతి చిన్న ముక్కకి) ఉండే శక్తి మామూలు వెలుతురులో ఉన్నదానికన్నా వేల రెట్లు తక్కువ. ఫ్రీక్వెన్సీ పెరిగితే ఆ తరంగాలు చర్మం దాటి లోపలికి వెళ్లడం తగ్గుతుంది. చూసుకోవాల్సింది వేడి గురించి, దానికి పరిమితులు ఉండనే ఉన్నాయి.

అపోహ: టవర్ పక్కనే ఉంది కాబట్టి ఆఫీసులోపలా సిగ్నల్ ఫుల్ ఉండాలి.
వాస్తవం: ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని అద్దాల బిల్డింగుల్లో పనిచేసేవాళ్లు ఈ మాట నన్ను తరచూ అడుగుతుంటారు. వేడి రాకుండా అద్దానికి పూసే పల్చని లోహపు పొర రేడియో సిగ్నల్‌నీ అడ్డుకుంటుంది. నూరో వంతు కూడా లోపలికి రాకపోవచ్చు. సిగ్నల్‌ని కావాల్సిన వైపు మళ్లించే పలకల (రీకాన్ఫిగరబుల్ సర్ఫేస్‌ల) మీద ఇప్పుడు అంత రీసెర్చ్ జరగడానికి ఇలాంటి అడ్డంకులే ఒక కారణం.

అపోహ: 6జీ రాబోతోంది, 5జీ ఫోన్ కొనడం దండగ.
వాస్తవం: మన దేశంలో 5జీ మొదలైంది 2022 అక్టోబర్‌లో. 6జీ సేవలు 2030 ప్రాంతంలో మొదలవుతాయని అంచనా. ఇప్పుడు ఫోన్ అవసరమైతే కొనుక్కోండి.