తెరకు ముందున్న సీటు

కడప

పిల్లలకు,

మీ అబ్బ రాసేది. కువైట్‌కు తిరిగి పోయేటప్పుడు విమానంలో ముందు వరసల్లో మంచాల మాదిరి సీట్లు చూశామని, వాటికి నాలుగింతల డబ్బంట అని చిన్నది ఫోన్‌లో చెప్పింది. "అందరం ఒకేసారి దిగుతాం కదా అబ్బా, మరి వాళ్లకెందుకంత రేటు?" అని అడిగింది. టికెట్ల అంగట్లో ఇరవై ఏండ్లు కూర్చున్నవాణ్ని, ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చేయడానికి మనసొప్పలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు పాత సంగతి. 1948 జూన్ 8న బొంబాయి నుంచి లండన్‌కు ఎయిర్ ఇండియా మొదటి విమానం లేచింది. దారిలో కైరోలో, జెనీవాలో దిగి పోయేది. ఒకవైపు టికెట్టు 1720 రూపాయలు. ఇంతేనా అని నవ్వకండి. మీ అవ్వ ఏ లెక్కయినా బంగారంలోనే వేస్తుంది కదా, అట్లా వేద్దాం. అప్పట్లో పది గ్రాములు సుమారు వంద రూపాయలు. అంటే ఆ టికెట్టు 170 గ్రాముల బంగారం. ఇప్పుడు పది గ్రాములు లక్ష దాటింది కాబట్టి పదిహేడు లక్షల పైమాట, అదీ పోవడానికి మాత్రమే! ఈ రోజు బొంబాయి నుంచి లండన్‌కు బిజినెస్ క్లాసులో, అంటే మీరు చూసిన ఆ ముందు సీట్లలో, పోయి రావడానికి రెండు మూడు లక్షలు ఉంటే చాలు. బంగారం మిగతా వస్తువుల కంటే ఎక్కువ పెరిగింది, కాబట్టి మీ అవ్వ లెక్కను మరీ గట్టిగా పట్టుకోవద్దు. సగానికి సగం కొట్టేసినా తేడా కళ్లకు కనిపిస్తుంది.

ఇంకో సంగతి, ఆ విమానంలో వెనక తరగతి అనేదే లేదు. డబ్బున్నవాడు ఎక్కాడు, లేనివాడు ఓడ ఎక్కాడు. తక్కువ రేటు టూరిస్ట్ క్లాసు 1952లో అట్లాంటిక్ మీద మొదలైంది. ఇప్పుడు వెనక సీట్లకు వాడే ఎకానమీ అనే పేరు 1958లో వచ్చింది. అప్పట్లో విదేశాలకు తిరిగే కంపెనీలు చాలావరకు ఐయాటా అనే సంఘంలో కూర్చుని రేట్లు ఖాయం చేసుకునేవి, ప్రభుత్వాలు సరే అనేవి. ఒకడు తగ్గించి అమ్ముదామన్నా కుదరదు. రేటుతో పోటీ పడలేక భోజనాలతో, మర్యాదలతో పోటీ పడ్డారు. పాత ఫొటోల్లో విమానంలో మాంసం కోసి వడ్డించడం చూసి అబ్బురపడతాం కానీ, ఆ ఖర్చంతా టికెట్టులో ముందే వసూలయ్యేది.

1978లో అమెరికా తన దేశం లోపల తిరిగే విమానాల రేట్ల మీద ప్రభుత్వ పట్టు వదిలేసింది, ఎవరి రేటు వాళ్లదే అంది. బిజినెస్ క్లాసు పుట్టింది కూడా ఆ రోజుల్లోనే. అది పుట్టిన తీరు నాకు భలే ఇష్టం. ఆఫీసు పనుల మీద పోయేవాళ్లు వెనక సీటుకే పూర్తి రేటు కట్టేవాళ్లు. పక్కన సెలవులకు పోయేవాడు అదే సీటును సగానికి కొనుక్కుని కూర్చునేవాడు. వీళ్లకు మండింది. సరే, మీరు కాస్త ముందుకు రండి అని మధ్యలో ఒక తెర కట్టి వాళ్లను వేరే కూర్చోబెట్టారు. మొదట్లో ఆ తెర, కొంచెం మంచి తిండి, అంతే. మంచాలు తర్వాతి మాట. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2000లో బిజినెస్‌లో పూర్తిగా పడుకునే సీటు పెట్టాక మిగతావాళ్లకూ తప్పలేదు. ఒక మనిషి కాళ్లు చాపి పడుకునే చోట వెనకైతే ముగ్గురు నలుగురు కూర్చుంటారు. నాలుగింతల రేటులో సగం జవాబు ఇదే.

కానీ సుఖానికే డబ్బు అనుకుంటే కాంకర్డ్ సంగతి అర్థం కాదు. శబ్దం కంటే వేగంగా పోయే విమానం, 1976 నుంచి 2003 వరకు తిరిగింది అది. సీట్లు ఇరుకు, కిటికీలు అరచేయంత. అయినా చివరి రోజుల్లో లండన్ నుంచి న్యూయార్క్‌కు పోయి రావడానికి పది వేల డాలర్ల పైనే పెట్టేవాళ్లు. ఎందుకు? మూడున్నర గంటల్లో దించేది.

మిగతా సగం జవాబు ఇక్కడుంది. కోడూరు మామిడి సాయంత్రమయ్యేకొద్దీ రేటు పడిపోతుంది, మిగిలితే కుళ్లిపోతుంది కాబట్టి. విమానం సీటు కూడా అంతే, తలుపు మూశాక దాని విలువ సున్నా. మరి చివరి రోజున అగ్గువకు ఇవ్వాలి కదా? ఇవ్వరు. ఎందుకంటే చివరి రోజున వచ్చేవాడు పోక తప్పనివాడు. ఆ సంగతి కంపెనీకి తెలుసు. ఒకే తెర ముందు, ఒకే మాదిరి సీట్లకు నాలుగైదు రేట్లు పెట్టి, చౌకవి ముందు అమ్మేసి, ఖరీదైనవి అట్లాంటివాడి కోసం అట్టిపెడుతుంది.

నేను అమ్మిన మొదటి బిజినెస్ టికెట్టు అట్లాంటివాడికే. రాయచోటి వైపు మనిషి, కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో జబ్బుల వల్ల సెలవు మించిపోయింది. మర్నాటి లోపల అక్కడ దిగకపోతే వీసా పోతుంది. మద్రాసు నుంచి పోయే విమానంలో వెనక ఒక్క సీటూ లేదు, ముందు రెండున్నాయి. రేటు చెప్పడానికి నాకే నోరు రాలేదు. భార్య మెడలో గొలుసు కుదువ పెట్టి సాయంత్రానికి డబ్బు తెచ్చాడు. వారం తర్వాత ఫోన్ చేశాడు. దేనికి ఎంత బిల్లు వేస్తారో అన్న టెన్షన్‌తో మంచినీళ్లు కూడా అడగలేదంట! అన్నీ టికెట్టులోనే ఉన్నాయని నేను చెప్పి పంపాల్సింది, తొందరలో మర్చిపోయాను. ఇప్పటికీ గుర్తొస్తే ఏదోలా ఉంటుంది.

ముందు కూర్చున్నవాళ్లలో చాలామంది సొంత డబ్బు పెట్టరు, వాళ్ల ఆఫీసులు కడతాయి. అందుకే ఆ రేటు అంత సులువుగా దిగదు. పైగా మన దేశంలో 2025 సెప్టెంబరు నుంచి ఆ సీట్ల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతం అయింది, వెనక సీట్లకు 5 శాతమే ఉంది.

మన కడపకు వచ్చే చిన్న విమానాల్లో ఈ గొడవే లేదు. తెరా లేదు, ముందు తరగతీ లేదు.

ఇప్పుడు ముందు సీట్లు మిగిలితే కొన్ని కంపెనీలు, ఇంత కడితే ముందుకు రావచ్చు అని టికెట్టు కొన్నవాళ్లకు మెసేజ్ పంపుతాయి. మీ నాన్న అట్లాంటి మెసేజ్‌లు చదవకుండానే తీసేస్తాడు. ఈసారి వచ్చేటప్పుడు ఫోన్ మీరు పట్టుకోండి. రేటు చూసి నాకు చెప్పండి, కొనాలో వద్దో నేను చెప్తా. ఎర్ర కార్బన్ అంటిన పాత కాగితం టికెట్టు ఒకటి నా పెట్టెలో ఉంది. 2008 తర్వాత అవి రావడం లేదు. వచ్చినప్పుడు చూద్దురు గానీ.

మీ అబ్బ