కాలే బెంచీ మీద మనసు నిలవదు

ఎండాకాలం మధ్యాహ్నం బస్టాపులో స్టీలు బెంచీ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, అదే ఎండలో ఉన్న పార్కులోని చెక్క బెంచీ మీద మాత్రం కూర్చోగలుగుతున్నాం, స్టీలు అంత ఎక్కువ వేడెక్కుతుందా అని ఒక పాఠకురాలు అడిగారు. రద్దీ నగరంలో మనిషి కాసేపు స్థిమితంగా కూర్చునే చోటు ఎలా ఉండాలన్న ఆలోచన ఈ ప్రశ్నతోనే మొదలవ్వాలని నా నమ్మకం.

రెండు బెంచీలూ సరిగ్గా 55 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉన్నాయనుకుందాం. అయినా అవి చేతికి ఒకేలా తగలవు. చర్మంలోని నరాలకు తెలిసేది చర్మం ఎంత వేడెక్కిందన్నదే. రెండు వస్తువులు తాకిన క్షణంలో వాటి మధ్య ఏర్పడే ఉష్ణోగ్రతను నిర్ణయించేది ఎఫ్యూసివిటీ, అంటే తాకిన దానితో వస్తువు ఎంత జోరుగా వేడిని ఇచ్చిపుచ్చుకుంటుందో చెప్పే గుణం: ఉష్ణవాహకత, సాంద్రత, విశిష్టోష్ణం, ఈ మూడింటి లబ్ధానికి వర్గమూలం. మన పాఠాలు ఉష్ణవాహకత దగ్గరే ఆగిపోతాయి కాబట్టి, ఎండలో ఇనుము చెక్క కన్నా వేడిగా ఉంటుందనే భావన చాలామందిలో పెద్దయ్యాక కూడా మిగిలిపోతుంది.

ఎస్ఐ ప్రమాణాల్లో ఈ విలువ చర్మానికి సుమారు 1200, చెక్కకు 400, గ్రానైటుకు 2400, స్టెయిన్‌లెస్ స్టీలుకు 7700. ఎఫ్యూసివిటీ ఎక్కువున్న వస్తువు తన ఉష్ణోగ్రత వైపు ఎక్కువగా లాగుతుంది. 34 డిగ్రీల చర్మం 55 డిగ్రీల చెక్కను తాకితే ఆ హద్దు దగ్గర వచ్చేది సుమారు 39 డిగ్రీలు, గ్రానైటును తాకితే 48, స్టీలును తాకితే 52. మన నరాల్లో మంటను పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే ప్రొటీన్ దాదాపు 43 డిగ్రీల దగ్గర మేల్కొంటుంది. దానిని కనుగొన్నందుకే డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. చెక్క ఆ గీతకు ఇవతల ఆగిపోతుంది, మిగిలిన రెండూ దాటేస్తాయి. పెద్దవాళ్లు బెంచీ మీద తువ్వాలు పరిచి కూర్చోవడం వెనుక ఉన్నదీ ఈ లెక్కే: నూలు పోగుల మధ్య చిక్కుకున్న గాలికి ఎఫ్యూసివిటీ అతి తక్కువ.

వేడి బండ మీద కూర్చుంటే సెగ్గడ్డలు లేస్తాయని భయపెడతారు. సెగ్గడ్డలకు కారణం బాక్టీరియా. కానీ బండను నీడలో వెతుక్కోవాలన్న మన ఊళ్ల అలవాటు మాత్రం చాలా విలువైనది. రావిచెట్టు కింద 28 డిగ్రీల దగ్గరున్న గ్రానైటు రచ్చబండ, ఎండలో కాల్చిన ఆ గుణంతోనే, చర్మాన్ని 30 డిగ్రీలకు దించి హాయినిస్తుంది.

నొప్పి మన ధ్యాసను బలవంతంగా లాక్కుంటుంది. కదిలే ఆకులు, మబ్బులు, నీళ్లు ధ్యాసను ఏ శ్రమా లేకుండా నిలుపుతాయని, ఆ సమయంలోనే అలసిన ఏకాగ్రత కోలుకుంటుందని మనస్తత్వ శాస్త్రవేత్తలైన రేచెల్, స్టీఫెన్ కప్లాన్ దంపతులు ప్రతిపాదించారు. బెంచీ ముఖం రోడ్డు వైపు కన్నా చెట్టు వైపు ఉండాలనడానికి కారణం అదే. వీపుకు ఆనుడూ, లేచేటప్పుడు ముసలివాళ్లు చేతులు మోపుకోవడానికి పిడులూ తప్పనిసరి.

ఉన్న స్టీలు బెంచీలను పీకేయనక్కర్లేదు. వాన నీరు జారిపోయేలా సందులు వదిలి, వాటిపై చెక్క పట్టీలు బిగించి, మేకుల తలలు పైకి తేలకుండా లోపలికి దించితే, ఒంటికి తగిలేది చెక్క ఒక్కటే అవుతుంది.