పావురం రక్తం, తాళాల గుత్తి, నరాల ఇంజక్షన్: న్యూరాలజీ ఓపీలో వినిపించే అపోహలు, వాస్తవాలు

విశాఖలో న్యూరాలజీ ఓపీ అంటే ఒక్క ఊరి ఓపీ కాదు. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు, అటు ఒడిశాలో కోరాపుట్, రాయగడ నుంచి కూడా రాత్రి రైలెక్కి, తెల్లారేసరికి దిగి, టోకెన్ కోసం నిలబడతారు. ఇన్ని చోట్ల నుంచి వచ్చినా అపోహలు మాత్రం ఇంచుమించు అవే. వాటిలో చాలావాటికి మూలం ఒకటేనని నాకు అనిపిస్తుంది: నరాల జబ్బుల్లో కొన్ని వాటంతట అవే తగ్గుతాయి, ఆ తగ్గే టైముకి మనం ఏం చేస్తూ ఉంటే మంచి పేరంతా దానికే పోతుంది.

అపోహ: పక్షవాతానికి పసరే మందు, ఆసుపత్రిలో చేసేదేమీ లేదు

ప్రాణం మీదికి తెచ్చేది ఇదే కాబట్టి దీని గురించే ఎక్కువ రాస్తాను. పావురాన్ని కోసి ఆ వేడి రక్తం చచ్చుబడిన కాలికీ చేతికీ పట్టించి, దుప్పటి కప్పి కూర్చోబెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చదువుకున్న కుటుంబాలు కూడా పసరు తాగించే ఊరికి కారు మాట్లాడుకుని బయల్దేరతాయి. కానీ పక్షవాతం కాలిలోనో చేతిలోనో పుట్టే జబ్బు కాదు, మెదడుది. ఎక్కువమందిలో మెదడుకి వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడుతుంది, కొందరిలో రక్తనాళం చిట్లుతుంది. కాలి మీద ఎంత పూసినా అక్కడికి చేరదు.

గడ్డ అడ్డుపడితే దాన్ని కరిగించే ఇంజక్షన్ ఉంది, లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపు ఇవ్వాలి. పెద్ద రక్తనాళమే మూసుకుపోతే తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి గడ్డని బయటికి లాగేయొచ్చు, స్కాన్‌లో ఇంకా కాపాడదగ్గ మెదడు కనిపిస్తే కొందరికి 24 గంటల వరకు కూడా చేస్తారు. అలాగని తీరిగ్గా రావొచ్చని కాదు, పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల న్యూరాన్లు, అంటే మెదడు కణాలు, పోతాయని అంచనా. ఇప్పుడు మన దూరాలు చూడండి. శ్రీకాకుళం నుంచి ఇక్కడికి రెండు గంటలు, పాడేరు నుంచి ఘాట్ దిగి రావాలంటే ఇంకా ఎక్కువ, వచ్చాక సీటీ, రక్త పరీక్షలు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుని "పొద్దున్న చూద్దాంలే" అనుకునే టైము ఈ లెక్కలో ఎక్కడా లేదు. మూతి పక్కకి పోయినా, ఒక చెయ్యి వాలిపోయినా, మాట ముద్దగా వచ్చినా 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లమని అడగండి.

మేము ముందు అడిగేది "చివరిసారి బాగున్నట్టు ఎప్పుడు చూశారు" అని. నిద్రలేచేసరికి చెయ్యి పడిపోయి ఉంటే, రాత్రి ఎన్నింటికి బాగా మాట్లాడి పడుకున్నారో అదే లెక్క. ఇంట్లో ఆస్పిరిన్ వేసేయకండి, అది గడ్డో చిట్లడమో సీటీ చూడకుండా ఎవరూ చెప్పలేరు. బీపీ ఎక్కువగా ఉందని నాలుక కింద మాత్ర పెట్టి గబుక్కున దించేయకండి. కాఫీ, మంచినీళ్లు కూడా వద్దు, మింగడం దెబ్బతిని ఉంటే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

పది నిమిషాలు చెయ్యి పడిపోయి మళ్లీ మామూలైపోయిందనుకోండి, అదీ ఎమర్జెన్సీయే. అలాంటిది వచ్చాక మొదటి రెండు రోజుల్లోనే అసలు పక్షవాతం వచ్చే ప్రమాదం ఎక్కువ.

మరి పసరుతో తగ్గినవాళ్లు లేరా అంటారు. పక్షవాతం వచ్చిన మొదటి మూడు నెలల్లో మెదడు తనంతట తానే కొంత కోలుకుంటుంది, ఫిజియోథెరపీ చేయిస్తే ఇంకా బాగా. ఇంకో సంగతి, పసరు తాగి నయమైన వాళ్లలో కొందరిది అసలు పక్షవాతమే కాదు, బెల్స్ పాల్సీ.

అపోహ: మూతి వంకరపోతే అది పక్షవాతమే

ముఖానికి వెళ్లే నరం ఒక్కటే వాచి, ముఖం ఒక పక్క పడిపోవడాన్ని బెల్స్ పాల్సీ అంటారు. ఇందులో నుదురు కూడా ముడతలు పడదు, కన్ను మూసుకోదు. కాలూ చెయ్యీ బాగానే ఉంటాయి. ఏ మందూ వాడకపోయినా నూటికి 70 మందికి తగ్గిపోతుంది. మూడు రోజుల లోపు స్టెరాయిడ్ మొదలుపెడితే పూర్తిగా కోలుకునేవాళ్లు ఇంకా పెరుగుతారు. కంటికి చుక్కలు వేసి రాత్రి టేపుతో మూయకపోతే నల్లగుడ్డు దెబ్బతింటుంది, పసరు కోసం తిరిగేవాళ్లు ముందు మర్చిపోయేది దీన్నే. అద్దం ముందు నుదురు చూసుకుని ఇంట్లోనే తేల్చేసుకోకండి, అది మేము చూడాల్సింది.

అపోహ: ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టాలి

ఒకరు తాళాల గుత్తి కోసం పరిగెడతారు, ఒకరు ఉల్లిపాయ వాసన చూపించమంటారు, చెప్పు అన్నవాళ్లూ ఉన్నారు. ఫిట్ సాధారణంగా ఒకటి నుంచి మూడు నిమిషాల్లో దానంతట అదే ఆగుతుంది. తాళాలు వెతికి, బిగిసిన గుప్పిట విప్పి పెట్టేసరికి ఆ టైము అయిపోతుంది, పేరు ఇనుముకి వస్తుంది. తాళాలతో పెద్ద నష్టం లేదు గానీ, పళ్ల మధ్య స్పూనో వేళ్లో దూర్చడం మాత్రం మానండి. నాలుక మింగేయడం జరగదు, పళ్లు విరగడం జరుగుతుంది. మనిషిని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి, చుట్టుపక్కల గట్టి వస్తువులు తీసేసి, టైము చూడండి. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకముందే ఇంకోటి వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఒకరు ఫోన్‌లో వీడియో తీయండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఫిట్స్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి మొదటి ఈఈజీ (మెదడులోని కరెంటు తీరు చూసే పరీక్ష) నార్మల్‌గానే వస్తుంది, అలాంటప్పుడు ఆ వీడియో, కళ్లారా చూసిన మనిషి చెప్పే మాట మాకు రిపోర్టు కంటే ఎక్కువ పనికొస్తాయి.

గాలి సోకడం, దెయ్యం గురించి రాయను, అందరికీ తెలిసిందే. పెళ్లి గురించి రాస్తాను. సంబంధం కుదరగానే "మాత్రలు చూస్తే వాళ్లకి తెలిసిపోతుంది" అని ఆపేస్తారు, దానికి తోడు పెళ్లి పనుల్లో రెండు రాత్రులు నిద్ర ఉండదు. మందు ఆపడం, నిద్ర చెడటం, ఈ రెండూ కలిస్తే ఫిట్ పందిట్లోనే వస్తుంది. నిజానికి పది మందిలో ఏడుగురికి మందులతో ఫిట్స్ పూర్తిగా ఆగుతాయి. హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డంకిగా ఉన్న మూర్ఛ అనే మాటని 1999లోనే తీసేశారు. పెళ్లికి ముందు అమ్మాయిలు డాక్టరుతో మాట్లాడాల్సింది ఒకటుంది: ఫిట్స్‌కి ఇచ్చే వాల్‌ప్రోయేట్ అనే మందు వాడుతుంటే గర్భంలో బిడ్డకి ప్రమాదం, దాన్ని ముందే మార్చుకోవాలి, సొంతంగా ఆపకూడదు. అలాగే స్టీల్ ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు, హార్బర్ నుంచి వేటకి వెళ్లేవాళ్లు తమ పని ఏమిటో చెప్పి తీరాలి.

ఫిట్స్‌కి కారణం మెదడులో పురుగు అని చెప్తే, "మేం పంది మాంసం ముట్టం, మెదడులో పురుగు ఎలా వస్తుంది" అని గట్టిగా అడుగుతారు. మెదడులోకి చేరేది మాంసంలోని పురుగు కాదు, బద్దెపురుగు గుడ్లు. అవి మనిషి మలంతో కలుషితమైన నీళ్ల నుంచి, సరిగ్గా కడగని పచ్చి కూరల నుంచి వస్తాయి. శాకాహారులకీ వస్తుంది.

అపోహ: మెడ ఎముకలు అరిగాయి, అందుకే తల తిరుగుతోంది

మెడకి కాలర్ వేసుకుని వచ్చేవాళ్లలో చాలామందికి ఆ కాలర్ అవసరమే లేదు. యాభై దాటాక ఎక్స్‌రే తీస్తే మెడలో అరుగుదల ఇంచుమించు అందరికీ కనిపిస్తుంది. మంచం మీద పక్కకి ఒత్తిగిల్లినప్పుడు గది గిర్రున తిరిగి నిమిషం లోపు ఆగిపోతే, అది చాలావరకు చెవిది. లోపలి చెవిలో కాల్షియం రేణువులు చోటు తప్పుతాయి. మంచం మీద తలని ఒక పద్ధతిలో తిప్పి వాటిని వెనక్కి పంపొచ్చు, ఐదు నిమిషాల పని, చాలామందికి ఒకటి రెండుసార్లతో తగ్గుతుంది. ఏమీ చేయకపోయినా కొన్ని వారాల్లో అదే తగ్గొచ్చు, అప్పుడు కాలర్‌కి పేరు వస్తుంది! తల తిరగడంతో పాటు రెండు రెండుగా కనిపించినా, మాట తడబడినా, నిలబడలేకపోయినా మాత్రం పక్షవాతం అనుకునే పరిగెత్తండి.

అపోహ: నరాల బలహీనతకి నరాల ఇంజక్షన్

"ఒంట్లో సత్తువ నేదు బాబూ, ఓ సూది ఎయ్యండి" అంటారు పెద్దవాళ్లు. ఆ నీరసం వెనక రక్తహీనత, థైరాయిడ్, షుగర్, నిద్రలేమి, మనసు బాగాలేకపోవడం, ఏదైనా ఉండొచ్చు. బి12 తక్కువగా ఉన్నవాళ్లకి ఆ ఇంజక్షన్ నిజంగా అవసరం. పూర్తి శాకాహారులు, ఏళ్ల తరబడి షుగర్‌కి మెట్‌ఫార్మిన్ లేదా గ్యాస్ మాత్రలు వేసుకునేవాళ్లు పరీక్ష చేయించుకోవాలి. అవసరం లేనివాళ్లకి అది వచ్చే నెల మళ్లీ రమ్మనే సూది, అంతే. పైగా నరాల మాత్రల్లో ఉండే బి6ని ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే దాని వల్లే తిమ్మిర్లు వస్తాయి.

అసలు పట్టించుకోవాల్సిన బలహీనత వేరు. సాయంత్రానికి కనురెప్పలు వాలిపోవడం, అన్నం నమిలేకొద్దీ దవడ అలిసిపోవడం ఒక రకం. కాళ్లలో మొదలై రోజుల్లో పైకి పాకేది ఇంకో రకం. రెండోది ఊపిరి కండరాల దాకా వెళ్లొచ్చు, ఓపీ టోకెన్ కోసం ఆగకూడదు.

ఇంకొన్ని చిన్నవి

ఎమ్మారై తీస్తే అన్నీ తెలిసిపోతాయా? తెలియవు. ఇంటికి ఫొటో తీస్తే గోడ పగులు కనిపిస్తుంది గానీ వైరింగ్‌లో కరెంటు వస్తోందో లేదో కనిపించదు. మైగ్రేన్‌లో, చాలా రకాల ఫిట్స్‌లో ఎమ్మారై శుభ్రంగా ఉంటుంది. ఏ ఇబ్బందీ లేని మనిషి నడుముకి తీసినా డిస్క్ ఉబ్బు కనిపించొచ్చు.

వెన్నులో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయా? వెన్నుపాము నడుము మొదట్లోనే ఆగిపోతుంది, సూది గుచ్చేది దానికి కిందన. రెండు మూడు రోజులు తలనొప్పి రావొచ్చు. మెదడు జ్వరం అని అనుమానం ఉన్నప్పుడు ఆ పరీక్ష వద్దని సంతకం పెట్టి వెళ్లిపోవడమే నాకు టెన్షన్.

చేతులు వణికితే పార్కిన్సన్సేనా? గ్లాసు ఎత్తినప్పుడు, సంతకం పెట్టినప్పుడు వణికితే చాలావరకు వేరే జబ్బు. పార్కిన్సన్స్ వణుకు ఎక్కువగా చెయ్యి ఒళ్లో ఊరికే పెట్టుకున్నప్పుడు కనిపిస్తుంది, కొందరికి వణుకే ఉండదు, నడక నెమ్మదిస్తుంది, అక్షరం చిన్నదవుతుంది. పార్కిన్సన్స్‌కి ఇచ్చే లెవోడోపా అనే మందు ఇప్పుడే వాడేస్తే తర్వాత పనిచేయదని ఏళ్ల తరబడి దాచుకోవడం వల్ల లాభం లేదు, ఆ ఏళ్లు కష్టపడటమే మిగులుతుంది. మందు సరిగ్గా పట్టడం లేదని వచ్చేవాళ్లని నేను ముందు అడిగేది ఎన్ని గంటలకి వేసుకుంటున్నారని. పప్పు, గుడ్డు, మాంసం తిన్న వెంటనే వేసుకుంటే కొందరికి మందు సరిగ్గా ఒంటికి ఎక్కదు. అలాంటివాళ్లు భోజనానికి అరగంట ముందు వేసుకుని చూడండి, కడుపులో తిప్పితే రెండు బిస్కెట్లు తినండి.