రామగుండం యూరియా వెనుక ఇనుము కథ

2025 వానాకాలంలో ఉత్తర తెలంగాణ అంతటా సొసైటీల ముందు తెల్లారకముందే లైన్లు కట్టారు. చెప్పులు, పట్టాదారు పాస్‌బుక్కులు వరుసలో పెట్టి రైతులు పక్కన కూర్చున్నారు. అప్పుడు చాలామంది అడిగింది ఒక్కటే: రామగుండంలో ఇంత పెద్ద ఫ్యాక్టరీ పెట్టుకొని మనకెందుకీ తిప్పలు? దిగుమతులు, కేటాయింపుల లెక్క వేరే ఉంది, అది ఇక్కడ తేలేది కాదు. కానీ యూరియా ఫ్యాక్టరీ ఏదైనా నడవడం ఎందుకంత కష్టమో తెలియాలంటే అమ్మోనియా కన్వర్టర్‌లో పోసి ఉండే నల్లటి ఇనుప పలుకుల దగ్గరికి వెళ్లాలి. యూరియాను అమ్మోనియా నుంచే చేస్తారు, నత్రజని, హైడ్రోజన్ వాయువులు కలిసి ఆ అమ్మోనియా అయ్యే పాత్రే కన్వర్టర్.

45 కిలోల బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోలకు కాస్త పైన. గాలిలో ఇదే నత్రజని 78 శాతం ఉంది, పైసా ఖర్చు లేదు. అయినా వరికి పనికిరాదు. రెండు పరమాణువులు మూడు బంధాలతో బిగుసుకొని ఉంటాయి. ఆ ముడి విప్పాలంటే మోల్‌కు 945 కిలోజౌళ్లు కావాలి. అందులో సగం కూడా పెట్టకుండానే హైడ్రోజన్ జంట విడిపోతుంది. కాబట్టి అమ్మోనియా తయారీలో చిక్కంతా నత్రజనిదే.

వేడి పెంచితే నత్రజని కదులుతుంది, కానీ తయారైన అమ్మోనియా కూడా విరిగిపోతుంది. వేడి తగ్గిస్తే ఏమీ జరగదు. ఈ ఇరకాటం నుంచి బయటపడే దారి 1909లో దొరికింది. జర్మనీలోని కార్ల్స్‌రూహెలో ఫ్రిట్జ్ హేబర్, ఆయన సహాయకుడు రాబర్ట్ లె రొసిగ్నోల్ విపరీతమైన ఒత్తిడిలో, ఆస్మియం లోహం మీద రెండు వాయువులనూ పంపి అమ్మోనియా చుక్కలు పట్టారు. అయితే ఆస్మియం ప్రపంచంలోనే అతి అరుదైన లోహాల్లో ఒకటి, దాంతో ఫ్యాక్టరీ నడవదు.

జర్మనీ రసాయన కంపెనీ బీఏఎస్ఎఫ్‌లో ఆల్విన్ మిటాష్ బృందం చవకైన లోహం కోసం వేలకొద్దీ పరీక్షలు చేసింది. స్వీడన్‌లోని గల్లివారే గనుల మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం బాగా పనిచేసింది, స్వచ్ఛమైన ఇనుము చేయలేదు. తేడా మలినాల్లో ఉందని వాళ్లకు తట్టింది. నాకైతే ఈ కథలో అసలు మలుపు ఇదే అనిపిస్తుంది. కొద్దిగా అల్యూమినా, కొద్దిగా పొటాష్ కలిపిన ఇనుము తయారైంది. కార్ల్ బాష్ దాన్ని భారీ యంత్రాల్లోకి ఎక్కించాడు, 1913లో జర్మనీలోని ఓపావులో ఉత్పత్తి మొదలైంది. మరుసటి ఏడాదే యుద్ధం వచ్చి ఆ అమ్మోనియా పేలుడు పదార్థాలకూ పోయింది. ఇవాళ్టి క్యాటలిస్ట్ (తాను ఖర్చు కాకుండా చర్యను వేగంగా జరిపించే పదార్థం) కూడా మూలంలో అదే వంటకం.

ఇనుము మీద ఏం జరుగుతుందో మాత్రం అరవై ఏళ్లకు పైగా తేలలేదు. నత్రజని జంటగానే ఉండి హైడ్రోజన్‌ను పట్టుకుంటుందా, ముందే విడిపోతుందా? 1970ల్లో జర్మన్ శాస్త్రవేత్త గెర్హార్డ్ ఎర్టల్ శుభ్రమైన ఇనుప స్ఫటికాన్ని దాదాపు గాలే లేని గదిలో పెట్టి, దాని మీదికి వాయువులు వదిలి కొలిచాడు. నత్రజని పరమాణువులు విడివిడిగా ఇనుముకు అతుక్కొని కనిపించాయి. హైడ్రోజన్ పెంచితే వాటి సంఖ్య తగ్గింది, అంటే హైడ్రోజన్ కలిసేది వాటితోనే. ఒక్కొక్కటిగా మూడు హైడ్రోజన్లు చేరితే అమ్మోనియా అయి ఎగిరిపోతుంది. ఈ చేరికలు త్వరగానే అవుతాయి. నిదానం మొదటి మెట్టు దగ్గరే: నత్రజని జంట ఇనుమును లక్షల సార్లు తాకితే ఒక్కసారి విడిపోతుంది. స్ఫటికం ఏ ముఖంగా కోశామన్న దాన్ని బట్టి కూడా ఈ వేగం ఎన్నో రెట్లు మారుతుంది. పొటాషియం ఇనుముకు ఎలక్ట్రాన్లు అందించి ఆ విడిపోవడాన్ని సులువు చేస్తుందని, అల్యూమినా ఇనుప రేణువులు అతుక్కుపోకుండా కాస్తుందని తేలింది. ఎర్టల్‌కు 2007లో నోబెల్ వచ్చింది.

నత్రజని విడిపోయే చోట్లు తక్కువ కాబట్టే ఇనుముకు పడనివి ఎక్కువ. ఆక్సిజన్, నీటి ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్, గంధకం, ఏది వచ్చినా ఆ చోట్లలో తిష్ట వేస్తుంది. గంధకమైతే ఒకపట్టాన వదలదు. అందుకే అమ్మోనియా ప్లాంటులో పెద్ద భాగం హైడ్రోజన్ తయారుచేసి కడగడానికే పోతుంది.

రామగుండం చరిత్రను ఇక్కడి నుంచి చూడాలి. జనం ఎఫ్‌సీఐ (ఫెర్టిలైజర్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) అని పిలిచిన పాత ప్లాంటులో 1980లో ఉత్పత్తి మొదలైంది. సింగరేణి పక్కనే కాబట్టి బొగ్గును గ్యాస్‌గా మార్చి హైడ్రోజన్ తీశారు. కాగితం మీద ఇంతకన్నా తెలివైన ఏర్పాటు లేదు. కానీ బూడిద ఎక్కువున్న బొగ్గు, మొరాయించే యంత్రాలు, కరెంటు కోతలు కలిసి ప్లాంటును నిలదొక్కుకోనివ్వలేదు. కన్వర్టర్ దాకా శుభ్రమైన గ్యాస్ ఆగకుండా రాకపోతే లోపలి ఇనుము ఎంత మంచిదైనా ఏం లాభం? 1999 మార్చి 31న మూతపడింది. క్వార్టర్లు ఖాళీ అయ్యాయి.

దాని చోట వచ్చిన ఆర్ఎఫ్‌సీఎల్ (రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ లిమిటెడ్) 2021 మార్చిలో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది. దీని సామర్థ్యం రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా. హైడ్రోజన్ ఇప్పుడు పైప్‌లైన్లో వచ్చే సహజవాయువు నుంచి. అదీ కడగాల్సిందే, కానీ బొగ్గు గ్యాస్‌తో పోలిస్తే ఆ పని చాలా తేలిక. చిక్కల్లా ప్లాంటు ఒక్కసారి ఆగిందా, తిరిగి అందుకోవడం స్విచ్ వేసినంత సులువు కాదు. సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీసే రిఫార్మర్ మెల్లగా వేడెక్కాలి, గ్యాస్ శుభ్రత కుదరాలి, ఆ తర్వాతే కన్వర్టర్. నాట్లు పడి పైపాటు యూరియా వేసే వారాల్లో ఇది జరిగితే ఆ దెబ్బ వరంగల్ సొసైటీ లైన్లోనే తెలుస్తుంది.

రుథేనియం అనే ఇంకో లోహం తక్కువ ఒత్తిడిలోనే ఈ పని చేస్తుంది. కెనడాలో 1990ల్లోనే వాడారు, కానీ ఖరీదెక్కువ. ఇక రామగుండానికి జోడీగా అదే బొగ్గు పద్ధతిలో కట్టి, అదే 1999లో మూసేసిన ఒడిశాలోని తాల్చేర్‌ను కేంద్రం మళ్లీ బొగ్గు గ్యాస్‌తోనే కట్టిస్తోంది. ఈసారి బూడిదను అదుపులో పెట్టేందుకు బొగ్గులో పెట్రోలియం కోక్ (చమురు శుద్ధిలో మిగిలే, బూడిద తక్కువున్న బొగ్గులాంటి పదార్థం) కలుపుతామంటున్నారు.