దీవిలో ఒక్క ఎలుక మిగిలినా

ప్రియమైన పిల్లలకు,

ఎక్కడో సముద్రం నడుమ ఉన్న దీవుల్లోని పక్షుల కోసం చందా ఇస్తే ఆ డబ్బు ఏమవుతుందని అడిగారు. చాలాచోట్ల అందులో కొంత ఎలుకల్ని తొలగించడానికి అవుతుంది.

దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ జార్జియానే చూడండి. సీళ్లనూ తిమింగలాలనూ వేటాడడానికి వచ్చిన ఓడల్లోంచి ఎలుకలు అక్కడ దిగాయి. ఆ దీవి పిపిట్ పిట్ట లోకంలో ఇంకెక్కడా లేదు. అది గూడు కట్టేది నేలమీదే. నేలమీద తిరిగే శత్రువే లేని చోట పెరిగిన జాతి కాబట్టి ఎలుక నుంచి గుడ్లను కాపాడుకోవడం దానికి తెలియదు. చివరికి ఎలుకలు చేరని పక్క దీవుల్లోనే ఎక్కువగా మిగిలింది.

2005లో ఏర్పడ్డ సౌత్ జార్జియా హెరిటేజ్ ట్రస్ట్ చందాలు పోగుచేసి 2011, 2013, 2015లలో మూడు విడతలుగా ఎలుకల్ని తొలగించే పనికి దిగింది. హెలికాప్టర్ కింద ఒక తొట్టి వేలాడుతుంది. దాని అడుగున తిరిగే పళ్లెం ఎలుకల మందు కలిపిన ధాన్యపు గుళికల్ని, అంటే ఎరను, నలుదిక్కులా విసురుతుంది. పైలట్ జీపీఎస్ చూసుకుంటూ, దుక్కి దున్నినట్టు చాలు పక్కనే చాలు వేస్తూ పోవాలి. ఒక చాలు అంచు మీదికి రెండోది రావాలి, లేకపోతే మధ్యలో ఎర పడని పట్టీ మిగిలిపోతుంది. మొత్తం ఖర్చు సుమారు కోటి పౌండ్లు, వేసిన ఎర దాదాపు 300 టన్నులు.

తిన్న వెంటనే చంపే మందు ఇక్కడ పనికిరాదు. తిన్నది అక్కడికక్కడే బాధపడితే మిగతా ఎలుకలు ఆ ఎరను ముట్టవు. అందుకని రక్తం గడ్డకట్టకుండా చేసి, కొన్ని రోజులకు చంపే మందు వాడతారు. దీనివల్ల కొన్ని స్కువా పక్షులు, బాతులు కూడా చనిపోతాయి. ఈ సంగతి చందాదారులకు దాచే సంస్థను నమ్మకండి.

అసలు కష్టం వేరే ఉంది. వందకి తొంభైతొమ్మిది ఎలుకలు పోయినా పని ఓడిపోయినట్టే. కడుపుతో ఉన్న ఎలుక మూడు వారాల్లో పిల్లల్ని పెడుతుంది. దక్షిణ అట్లాంటిక్‌లోనే ఉన్న గఫ్ దీవిలో చిట్టెలుకల మీద 2021లో ఇదే పని చేశారు. అక్కడి నీటికోళ్లను, బంటింగ్ పిట్టల్ని మందు బారిన పడకుండా ముందే పట్టి పంజరాల్లో ఉంచారు. అంత జాగ్రత్తపడినా ఆ డిసెంబరులోనే ఒక చిట్టెలుక కనబడింది.

అందుకే ఎర చల్లడం అయ్యాక కూడా డబ్బు కావాలి. ఒకటో రెండో మిగిలితే వెంటనే కనబడవు, కాస్త సంతతి పెరిగాకే ఆనవాళ్లు దొరుకుతాయి. సౌత్ జార్జియాలో చివరి విడత తర్వాత రెండేళ్లకు పైగా ఆగి, ఎలుకలు కొరికితే గాట్లు పడే కర్రలు, అడుగుజాడలు పడే సొరంగాలు, కెమెరాలు పెట్టారు. వాసన పట్టే మూడు టెరియర్ కుక్కల్ని దీవంతా తిప్పారు. 2018 మేలో గానీ ఎలుకలు లేవని ప్రకటించలేదు.

ఇప్పుడు దక్షిణాఫ్రికాకు చెందిన మారియన్ దీవిలో ఇలాంటి ఏర్పాటే జరుగుతోంది. అక్కడ చిట్టెలుకలు గూట్లో కూర్చున్న ఆల్బట్రాస్ తలమీదికి ఎక్కి, బతికుండగానే చర్మం, మాంసం కొరుకుతాయి. ఆ పెద్ద పక్షి కదలకుండా కూర్చునే ఉంటుంది. దీవి దాదాపు 30,000 హెక్టార్లు. హెక్టారుకు వెయ్యి రాండ్ల (దక్షిణాఫ్రికా డబ్బు) చొప్పున ఎవరైనా చందా ఇవ్వచ్చు. దాంతోనే ఖర్చంతా తీరదు, పెద్ద దాతలూ ప్రభుత్వమూ కలవాలి.

ఏ సంస్థకైనా ఇచ్చే ముందు పెద్దవాళ్లతో కలిసి రెండు మాటలు అడగండి: చల్లాక ఎన్నేళ్లు వెతుకుతారు? మళ్లీ ఎలుక దిగకుండా ఏం చేస్తారు? చందాకు బదులుగా బొమ్మ పెంగ్విన్ ఇస్తామంటే వద్దనండి, ఆ ఖర్చు కూడా పనికే పోనివ్వండి. ఓడలో సామాను విప్పి చూడడం, పర్యాటకుల బూట్ల అరికాళ్లలోనూ సంచుల అతుకుల్లోనూ ఇరుక్కున్న పరాయి మొక్కల విత్తనాలు ఏరడం, రేవులో ఎలుకల కోసం బోన్లు పెట్టడం ఏటా చెయ్యాల్సిన పనులు. వీటికి చందా అడిగితే ఎవరూ తొందరగా ఇవ్వరు. మీరు ఇవ్వండి.

ప్రేమతో,
మీ తాతయ్య