నారి బిగిస్తే బాణం దూసుకెళ్తుందా? అపోహలు - వాస్తవాలు

“సర్, నారి వదులైంది, ఇంకో పది మెలికలు వేయనా?” కొత్తగా రికర్వ్ (కొనలు ముందుకు వంగి ఉండే విల్లు) పట్టినవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది.

అపోహ: నారి ఎంత బిగిస్తే బాణానికి అంత వేగం.

వాస్తవం: జరిగేది దీనికి తలకిందులు. మెలికలు పెరిగితే నారి పొట్టిదవుతుంది, బ్రేస్ హైట్, అంటే గ్రిప్‌కీ (విల్లు పట్టుకునే పిడికీ) నారికీ మధ్య దూరం, పెరుగుతుంది. వదిలాక నారి బాణాన్ని తోసే దూరం తగ్గుతుంది. దాంతో వేగమూ కాస్త తగ్గుతుంది. పైగా నారి ఎక్కించి ఉన్నంతసేపూ లింబ్‌లు (పిడికి పైనా కిందా వంగే భాగాలు) అవసరానికి మించి వంగి ఉంటాయి.

ఒకమ్మాయి 62 అంగుళాల రికర్వ్ తెచ్చింది. బాణాలు గురికి ముందే పడిపోతున్నాయి, తన చేతిలోనే బలం లేదని ఒకటే టెన్షన్. బో స్క్వేర్ (నారికి తగిలించి కొలిచే స్కేలు) పెట్టి చూస్తే బ్రేస్ హైట్ 10 అంగుళాలు! గట్టిగా ఉండాలని ఎవరో చెప్పారట. ఇలాంటి మాటలు విన్నప్పుడే నాకు ఒళ్లు మండుతుంది. నారి మెలిపడి ఉండలు కట్టింది. దాన్ని తీసేసి కొత్తది ఎక్కించాను. ఏడున్నర అంగుళాల దగ్గర మొదలుపెట్టి, విల్లు నుంచి నారి దించి మూడేసి మెలికలు కలుపుతూ, ప్రతిసారీ ఆరు బాణాలు వేయించాను. ముందు ‘టంగ్’మని మోగి చెయ్యి అదిరింది. ఎనిమిది దగ్గరికొచ్చేసరికి చప్పుడు ‘దబ్’మని మెత్తబడింది. అక్కడే ఆపాం. ఆ పిల్ల చేతిలో లోపమేమీ లేదు.

అలాగని నారిని మరీ వదులుగా ఉంచకండి. అది మణికట్టుకు తగులుతుంది. సరైన బ్రేస్ హైట్‌ను తయారీదారు చెప్పిన హద్దుల్లోనే వెతకాలి.

అపోహ: బ్రేస్ హైట్ ఎక్కడినుంచి కొలిచినా ఒకటే.

వాస్తవం: కాదు. గ్రిప్‌లో అన్నిటికన్నా లోతైన చోటు నుంచి నారికి లంబంగా కొలవాలి. షెల్ఫ్ (పిడి పైన బాణం ఆనే అంచు) నుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది.

అపోహ: ఒకసారి కొలిస్తే చాలు.

వాస్తవం: కొత్త నారి, ముఖ్యంగా డాక్రాన్ (పాలిస్టర్ దారం), సాగుతుంది. రోజూ మొదటి బాణానికి ముందు కొలవండి. బ్రేస్ హైట్ మారితే నాకింగ్ పాయింట్ (నారికి బాణం తగిలించే చోటు) కూడా చూసుకోవాలి. బాణం నారికి సరిగ్గా లంబంగా ఉండే చోటుకు అర అంగుళం పైన మొదలుపెట్టండి.

అపోహ: ఫాస్ట్ ఫ్లైట్ (చాలా తక్కువ సాగే దారం) నారి ఏ విల్లుకైనా వేయొచ్చు.

వాస్తవం: కొనలు బలపరచని పాత విల్లుకు వద్దు. డాక్రాన్ వాడండి.

ఒక్కటి బతిమాలి చెబుతున్నా. బిగింపు సరిపోయిందో లేదో చూడ్డానికి బాణం లేకుండా నారి లాగి వదలకండి. బాణంలోకి పోవాల్సిన శక్తంతా లింబ్‌ల మీదే పడుతుంది. నా పక్కనే ఒకాయన అలా వదిలితే పై లింబ్ నిలువునా చీలింది.