స్టీరింగ్ టకటకమంటే ర్యాక్ పోయినట్టేనా?

అపోహ: కారు ముందు వైపు నుంచి టకటక వస్తోందంటే స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలను అటూ ఇటూ తిప్పే పళ్ల కడ్డీ) పోయినట్టే, మొత్తం మార్చాలి.

విశాఖ గాజువాకలో మా షెడ్డుకొచ్చే వాళ్లలో చాలామంది ఈ మాట ఎక్కడో విని మొహం వేలాడేసుకుని వస్తారు. ఎవరు పుట్టించారో గానీ, జనం చేత అనవసరంగా వేలకు వేలు ఖర్చు పెట్టిస్తున్న పుకారు ఇదే.

వాస్తవం: చాలా బళ్లలో మొదట అరిగేది టై రాడ్ ఎండ్, అంటే ర్యాక్ నుంచి వచ్చే కడ్డీని చక్రానికి కలిపే చివరి కీలు. ర్యాక్ ఖరీదు ముందు దాని ఖరీదెంత! ఇంటి దగ్గరే తేల్చుకోవచ్చు. చదునైన చోట హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు వైపు లేపి స్టాండు మీద నిలపండి. ఒట్టి జాకీని నమ్ముకోవద్దు. గడియారంలో 9, 3 అంకెలుండే చోట చక్రాన్ని పట్టుకుని అటూ ఇటూ కుదపండి. ఇంకొకరిని టై రాడ్ ఎండ్ మీద చెయ్యి వేసి చూడమనండి. లొడలొడ చేతికి తెలిస్తే పోయింది అదే. అది గట్టిగానే ఉండి, ర్యాక్ బూటు (ర్యాక్ చివర ముడతల రబ్బరు తొడుగు) లోపల ఆడుతుంటే పోయింది ర్యాక్ ఎండ్, అంటే ఆ కడ్డీకి ర్యాక్ వైపుండే కీలు. అదీ చాలా బళ్లకు విడిగా దొరుకుతుంది. 12, 6 దగ్గర పట్టుకుంటే ఊగుతోందా? చక్రం బేరింగో, సస్పెన్షన్ బాల్ జాయింటో చూడాలి.

మొన్నామధ్య ఎంవీపీ కాలనీ నుంచి రిటైరైన మాస్టారొకరు వచ్చారు. ర్యాక్ మార్చాల్సిందేనని ఎవరో బెదరగొట్టారట, కూతురింటికి వెళ్లడం కూడా మానేశారు. బండి లేపి చూస్తే ఎడమ టై రాడ్ ఎండ్ రబ్బరు చిరిగి ఉంది. లోపల గ్రీజు లేదు, తుప్పు రంగు నీళ్లున్నాయి. మన ఊరి ఉప్పుగాలికి ఆ మాత్రం చిరుగు చాలు. ఆ ఒక్క ముక్కా మార్చి, అలైన్‌మెంట్ (చక్రాల వరస సరిచేయడం) చేయించి పంపాం. "నిద్ర పట్టలేదు బాబూ" అన్నారు. అంత పెద్దాయన్ని అలా భయపెట్టడానికి నోరెలా వచ్చిందో!

ఇక టై రాడ్ ఎండ్ మార్చేటప్పటి మిగతా సంగతులు. విప్పేటప్పుడు ఎన్ని మరలు తిరిగిందో లెక్కపెట్టి పాత చోటే బిగించాం కదా, అలైన్‌మెంట్ ఎందుకంటారు. ఆ లెక్క అలైన్‌మెంట్ షాపు దాకా నడపడానికే. టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తేడా ఉంటే టైర్ల అంచులు అరిగిపోతాయి. అలైన్‌మెంట్‌తోనే లొడలొడ పోతుందనేదీ తప్పే. నట్టు వదులవకుండా దూర్చే స్ప్లిట్ పిన్‌కు చిల్లు కుదరకపోతే నట్టును ఇంకాస్త బిగించాలే తప్ప వెనక్కి తిప్పకూడదు. పాత పిన్ మళ్లీ వాడొద్దు. టై రాడ్ ఎండ్‌ను కడ్డీ మీద తిరగకుండా పట్టే లాక్ నట్టు తుప్పు పట్టి ఉంటే ముందురోజు రాత్రే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచండి.

హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ బండి ర్యాక్ బూటులో ఆయిల్ నిలిచి ఉంటే మాత్రం సీలు పోయినట్టు. అది ఇంట్లో విప్పకండి, షెడ్డుకే తీసుకెళ్లండి.